మీసం వెనక తెలుగు

నాకు మీసం ఉన్న రోజుల సంగతి ఇది. ఇప్పుడు నన్ను చూసేవాళ్ళెవరూ నమ్మరు గానీ, ఆ రోజుల్లో వీధి మలుపులో ముందు నా మీసం కనపడేది, కాసేపాగి నేను కనపడేవాణ్ణి. మా తాతకు మీసం, మా నాన్నకు మీసం, మా పెదనాన్నకైతే ఆ మీసం చూసే ఊళ్ళో సగం తగువులు తీర్చే పని అప్పగించారు (మిగతా సగం తగువులు ఆయన పెట్టినవే). తెలుగు పండిత శిక్షణ ముగించి ఖాళీగా తిరుగుతున్న నాకు, హైదరాబాదు పాతబస్తీలో ఒక ఆడపిల్లల బడికి తెలుగు సారు కావాలని కబురు వచ్చింది. గోదావరి పక్కనుంచి రైలెక్కించడానికి వచ్చిన మా అమ్మ, బండి కదులుతుంటే కిటికీ పట్టుకుని చెప్పిన మాట భోజనం గురించీ కాదు, ఆరోగ్యం గురించీ కాదు. మీసం తీయకురా, అది లేకపోతే నువ్వే పదో తరగతి పిల్లాడిలా ఉంటావు, నీ మాట ఎవరూ వినరు అంది. తల్లి మాట జవదాటని కొడుకునని నాకు పేరు. ఆ ఒక్కసారి దాటి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

జహనుమాలో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ మొఘల్‌పురాలోని బడికి వెళ్ళేవాణ్ణి. పాతకాలపు మేడ ఒకటి బడిగా మారింది. వంటగది స్టాఫ్ రూమైంది, వరండా ఏడో తరగతైంది. పాఠాలు చెప్పేవాళ్ళంతా ఆడవాళ్ళే. పిల్లలు వాళ్ళను ఆపా అని పిలిచేవారు, హెడ్మిస్ట్రెస్‌ను పెద్దాపా అనేవారు. మొత్తం మేడకు మగవాళ్ళం ఇద్దరమే, నేనూ, గేటు దగ్గర వాచ్‌మన్ మామూ. అన్ని బళ్ళలోనూ తెలుగు చెప్పి తీరాలని నిబంధన వచ్చిన కొత్త. ఇంట్లో ఉర్దూ తప్ప మరో మాట ఎరగని పిల్లల మధ్యకు, గోదావరి యాసతో, బారెడు మీసంతో నేను దిగాను. వారం తిరక్కుండానే నాకు 'మూఛ్ సర్' అని పేరు పడింది. మీసాల సారని అర్థం తెలిశాక కోపం రాలేదు సరికదా, ఏదో బిరుదు ఇచ్చినట్టు పొంగిపోయాను.

తొమ్మిదో తరగతి ముందు బెంచీలో ఛోటీ కూర్చునేది. ఇంట్లో ఆఖరి పిల్ల కాబట్టి ఛోటీ. అయిదో ఏట జ్వరం వచ్చి, పోతూ పోతూ వినికిడి పట్టుకుపోయింది. చెవికి పెట్టిన మిషను ఏదో గుయ్యిమని మోగుతుందంతే, మాట తెలియదు. మొదటి రోజే పెద్దాపా నన్ను పిలిచి ఆ పిల్లకు వినపడదని, ముందు కూర్చోబెట్టి జర మంచిగా చెప్పమని చెప్పింది. మంచిగా చెప్పడమంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పలేదు. శిక్షణలో ఛందస్సు నేర్పారు, అలంకారాలు నేర్పారు, వినపడని పిల్లకు పాఠం ఎలా చెప్పాలో ఒక్క పూటైనా చెప్పిన పాపాన పోలేదు. మా ఇంట్లో బామ్మకు చెవుడు. ఆవిడతో అందరం అరిచే మాట్లాడేవాళ్ళం. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అందుకని అరవడం మొదలుపెట్టాను.

ఎంత అరిచానంటే, కిటికీకి అవతల సందులో పాన్ డబ్బా పెట్టుకున్న పెద్దాయన, పాన్‌భాయ్ అని పిలిచేవాళ్ళం, మూడు నెలల్లో తొమ్మిదో తరగతి తెలుగు వాచకం సగం నేర్చేసుకున్నాడు. ఒక రోజు నేను "అశక్తుడు అంటే చేతకానివాడు" అని గొంతు చించుకుంటుంటే, బయటినుంచి ఆయన "చేతకానివాడు" అని తిరిగి అప్పజెప్పాడు. క్లాసంతా విరగబడి నవ్వింది. ఛోటీ నవ్వలేదు, ఎందుకు నవ్వుతున్నారో తెలియక అందరి మొహాలూ చూసి, తరవాత నా మొహం చూసింది. ఎప్పుడూ నా మీసం వంకే చూస్తూ ఉండేది. నేనేమో పిల్ల ముచ్చటపడుతోందనుకుని, పాఠం మధ్యలో ఒకటి రెండుసార్లు మెలేసేవాణ్ణి కూడా. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ నిజం.

నాకొక అలవాటుండేది. డిక్టేషన్ చెప్పేటప్పుడు ఒకచోట నిలబడలేను. బెంచీల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ, ఒక్కోసారి క్లాసు వెనకనుంచి మాటలు చెప్పేవాణ్ణి. ఛోటీకి పదికి సున్నా. సరే పాపమని ఎదురుగా నిలబడి, మొహంలో మొహం పెట్టి అరిచాను. అప్పుడూ సున్నా. అదే పిల్లకు లెక్కల ఆపా దగ్గర క్లాసులో మొదటి మార్కు, సైన్సు ఆపా దగ్గర రెండో మార్కు. నా దగ్గరే ఏమీ రాదు. పరీక్షల్లో మాత్రం ప్రశ్నలకు పొట్టి పొట్టి వాక్యాల్లో సరైన జవాబులే రాసేది. డిక్టేషన్‌లో సున్నా తెచ్చుకునే పిల్ల ఇలా ఎలా రాస్తుందని ఆలోచించి (అంటే నేను ఆలోచన అనుకున్నది చేసి), పక్కపిల్ల చూపిస్తోందని తేల్చాను, మార్కులు కోసేశాను. ఛోటీ ఆ కాగితం అందుకుంది. మడిచి సంచిలో పెట్టుకుంది.

జనవరిలో వాళ్ళమ్మ బడికి వచ్చింది. భర్త లక్క గాజులు చేస్తాడు, అత్తవారిది మొఘల్‌పురాయే గానీ, ఆవిడ పుట్టిల్లు పాలమూరు పక్క పల్లె. నాకంటే చక్కటి తెలుగు మాట్లాడుతోంది. మీకు ఇంత తెలుగు వస్తే పిల్లకెందుకు రాలేదమ్మా అని అడిగాను, కొంచెం తప్పు ఆవిడ మీదికి తోసేసేలాగే అడిగాను. ఇంట్లో అందరిదీ ఉర్దూయే, నేనొక్కదాన్నే తెలుగు ఎవరితో మాట్లాడనని ఆవిడ అంది. తరవాత కొంగు వేలికి చుట్టుకుంటూ అసలు సంగతి చెప్పింది.

"మా అమ్మకు ఉర్దూ రాదు సార్. దీనికి తెలుగు నోరు అందుతలేదు. పండుగకు పోతే ఇద్దరు ఒకరి మొకం ఒకరు చూస్కుంట కూసుంటరు. ముసలామెకు ఇదంటే పానం. ఎన్ని దినాలుంటదో ఏమో. జర నేర్పుండ్రి."

తప్పకుండా నేర్పుతానన్నాను. అన్నానే గానీ నా దగ్గరున్న పద్ధతి ఒక్కటే, ఇంకొంచెం గట్టిగా అరవడం. రెండు వారాలు అరిచాను, నాకు గొంతు పోయింది, ఛోటీకి సున్నా పోలేదు. అప్పుడు పెద్దాపా స్టాఫ్ రూములో ఒక దారి చూపించింది. వినపడని పిల్లలకు ఒక భాష మినహాయింపు ఉందట, తెలుగు సారు ఒక్క కాగితం రాసిస్తే పదో తరగతిలో ఛోటీ తెలుగు రాయక్కర్లేదట, బడికీ ఫికర్ ఉండదట. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పిల్లకు మేలు, నాకు సెలవు. ఆ హాయిలో, చదివినదంతా ఒలకబోసి రాశాను. 'ఈ విద్యార్థిని ఆంధ్ర భాష నభ్యసించుటకు అశక్తురాలని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.' కింద సంతకం, సంతకం కింద గీత. ఒకటి ఆఫీసు ఫైలుకిచ్చాను. ఇంకొకటి, తండ్రి సంతకం కోసం, మడిచి ఛోటీ చేతికే ఇచ్చాను. కవరులో పెట్టలేదు, అంటించలేదు. తెలుగు రాని పిల్లేగా, చదువుతుందన్న భయమేముంది.

మర్నాడు ఉదయం నేను హాజరు తీసుకుంటుంటే ఛోటీ లేచి వచ్చి ఆ కాగితం నా బల్ల మీద పెట్టింది. తండ్రి సంతకం లేదు. నా సంతకం కింద, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేతలు లేకుండా మూడు వాక్యాలు ఉన్నాయి.

"సార్, మీ మీసం కనపడుతుంది. మీ మాట కనపడదు. నాకు తెలుగు కావాలి."

నాకు తల కొట్టేసినట్టైంది. తరవాత లెక్కల ఆపా చెప్తే తెలిసింది, ఆ పిల్ల ఆపాలందరి పెదాలు చూసి పాఠం అందుకుంటుందని. ఆ సంగతి నాకు తప్ప మేడలో అందరికీ తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదంటే, మగమనిషిని మీసం తీయమని ఎలా చెప్తామండీ అని ఆవిడ తల వంచుకుంది. తెలుగు అక్షరాలు ఛోటీ బోర్డు మీద చూసి, దుకాణాల పేర్లు చూసి, బస్సుల మీద ఊళ్ళు చూసి తనంతట తనే నేర్చేసుకుందట. నేను పక్కపిల్ల చూపించిందని కోసేసిన మార్కులన్నీ ఆ పిల్ల సొంతవే. నా కాగితంలో 'అశక్తురాలు' అన్న ఒక్క మాట మాత్రం తనకూ, వాళ్ళమ్మకూ తెలియక, ఆవిడను వెంటబెట్టుకుని పాన్‌భాయ్‌ని అడిగిందట. ఆయనకు వచ్చు కదా, నేనే నేర్పాను. "చేతకానిది అని రాసిండు బేటా" అని చెప్పి, పాపం, చేతిలో పాన్ పక్కన పెట్టేశాడట.

ఆ సాయంత్రమే సెలూనుకు వెళ్ళవలసింది. వెళ్ళలేదు. ఇక్కడే నా కథలో నవ్వు తెప్పించే భాగం ఉంది, నాకే నవ్వు రాదు. మా వాళ్ళు నాకు తణుకులో ఒక సంబంధం చూశారు. అమ్మాయి వాళ్ళకు పంపిన ఫోటోలో నేను ఎంత ఉన్నానో మీసం అంత ఉంది. ఫోటో ఒకలా, మనిషి ఒకలా ఉంటే ఏం బాగుంటుందని మా అమ్మ ఫోనులో లొల్లి (చూశారా, అప్పటికే మా అమ్మ మాటలకు కూడా ఇక్కడి పేర్లే పెడుతున్నాను). పెళ్ళిచూపులు అయ్యాక తీస్తానని నాకు నేను చెప్పుకున్నాను. ఆఫీసు ఫైల్లో ఉన్న కాగితం చింపేయమని పెద్దాపాకు చెప్పాలనీ అనుకున్నాను. చెబితే ఎందుకని అడుగుతుంది. మీసం వల్ల అని చెప్పడానికి మొహం చెల్లక, రేపు చెబుదాంలే అని రోజూ అనుకున్నాను. అయిదు వారాలు అలాగే గడిపాను. రోజూ ఛోటీ ముందు బెంచీలో కూర్చుని నా మీసం వంక చూసేది. నేను బోర్డు వంక చూసేవాణ్ణి. ఆఖరికి పెళ్ళిచూపులు జరిగాయి. మీసం మూలాన అబ్బాయి మరీ పెద్దవాడిలా ఉన్నాడని వాళ్ళు సంబంధం వద్దన్నారు.

మార్చి మొదట్లో జహనుమా సెలూనులో కూర్చుని తీసేయమన్నాను. ఆయన కత్తి పట్టుకుని, ఒకసారి సోంచాయించుకో సార్, మళ్ళ నన్ననొద్దు అని రెండుసార్లు అడిగాడు. తీశాక అద్దంలో చూసుకుంటే మా అమ్మ చెప్పింది నిజమే, పదో తరగతి తప్పిన పిల్లాడు కూర్చుని ఉన్నాడు. మర్నాడు గేటు దగ్గర మామూ నన్ను ఆపి ఎవరు కావాలని అడిగాడు. పాన్‌భాయ్ నన్ను ఎగాదిగా చూసి, మూఛ్ సర్ ఇయ్యాల రాలేదా, మీరు ఆయన తమ్ముడా అన్నాడు. క్లాసులోకి అడుగుపెడితే నలభై మంది పిల్లలు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. ఛోటీ ఒక్కతే నవ్వలేదు. మెడ ముందుకు చాచి నా పెదాల వంక చూసింది. నేను, అరవకుండా, మామూలుగా, "కూర్చో అమ్మా" అన్నాను. కూర్చుంది. నేను హాజరు పుస్తకంలో తల పెట్టుకున్నాను.

ఆ తరవాత పది రోజులు ఆ పిల్ల నాకు పాఠం నేర్పింది. నేను బోర్డువైపు తిరిగి మాట్లాడితే పెన్సిలుతో బెంచీ మీద రెండుసార్లు కొట్టేది, ఇటు తిరగమని. కిటికీ వెలుతురు నా వెనక ఉంటే చెయ్యి పట్టి అటు జరిపేది, మొహం నల్లగా పడుతోందని. పాట, బాట, మాట మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయని నాకు ఆ పిల్ల చెప్పేదాకా తెలియదు, పండితుణ్ణి కదా. దానికి తనే ఒక ఉపాయం పెట్టింది. పాట అయితే చేత్తో తాళం, బాట అయితే వేలు కిటికీవైపు, మాట అయితే వేలు తన పెదాల మీద. రెండో రోజుకే క్లాసంతా ఆ సైగలు పట్టేసింది. అక్షరాలు తిరగేసి రాసే వెనక బెంచీ పిల్ల ఒకతె ఉండేది, ఆ సైగలతో దానికీ తెలుగు మీద భయం పోయింది. అయిదో రోజు డిక్టేషన్ పెట్టాను. ఒకచోట నిలబడి, అందరి మొహాలకూ ఎదురుగా. ఛోటీకి పదికి ఎనిమిది. వేళ్ళు ఎనిమిది చూపిస్తూ వరండా అంతా తిరిగివచ్చింది. నేను ఆ ఎనిమిది కింద సంతకం పెట్టి, కింద గీత మాత్రం గీయలేదు. ఆ గీతంటే నాకే అసహ్యం వేసింది.

పదకొండో రోజు బడి మూతపడింది. కరోనా. పదిహేను రోజుల్లో తెరుస్తారన్నారు, ఏడాది దాటింది. మీసం తీసి నేను ఇంట్లో కూర్చున్నాను. ఎవరికి చూపించను. ఫోనులో పాఠాలు చెప్పమన్నారు. నా ఫోను పాతది, వీడియో పంపితే ముక్కలు ముక్కలుగా వెళ్ళేది. అందుకని చక్కగా గొంతు సవరించుకుని, రోజుకు మూడు పాఠాలు వాయిస్ మెసేజులుగా పంపాను. అవును, వాయిస్ మెసేజులు. నాలుగో నెలలో గానీ, స్నానం చేస్తుండగా, నేను చేస్తున్నదేమిటో నాకు తట్టలేదు. తడి చేత్తోనే ఫోను అందుకుని ఛోటీ వాళ్ళమ్మకు చేస్తే స్విచ్చాఫ్. మళ్ళీ చేసినా స్విచ్చాఫే.

ఈలోగా పదో తరగతి పరీక్షకు దరఖాస్తు కాగితాలు వెళ్ళవలసి వచ్చింది. బడికి ఎవరూ రావడం లేదు, పెద్దాపా ఫైళ్ళన్నీ ముందేసుకుని ఒక్కతే కూర్చుని నింపింది. ఛోటీ ఫైలు తెరిస్తే నా కాగితం కనపడింది. మంచి తెలుగులో, సంతకంతో, సంతకం కింద గీతతో. ఆవిడ తప్పేముంది, అలాగే పంపింది. ఆ ఏడు పరీక్షలే జరగలేదు. పుస్తకం తెరవని పిల్లలు కూడా అన్నీ పాసయ్యారు, తెలుగుతో సహా.

మెమోలు ఇచ్చే రోజు మేమంతా మాస్కులు కట్టుకుని వరండాలో బల్లలు వేసుకున్నాం. ఛోటీ వాళ్ళమ్మతో వచ్చింది. ఒక్క ఏడాదిలో ఎంత పొడుగైందో. వాళ్ళమ్మ మాస్కు వెనకనుంచి చెప్పింది, గాజుల పని నిలిచిపోయి పాలమూరుకు పోతున్నారట, ముసలామె దగ్గరికే.

"ఫోను ఎప్పుడు తెరిస్తే అప్పుడు మీరు పంపిన పాఠాలు నేను ఇన్న సార్. ఇని, దీని ముంగట కూసోని నా నోటితోని చెప్పిన. మొన్న పండుగకు పోతే మా అమ్మతోని మస్తు ముచ్చట్లు పెట్టింది. మీ పుణ్యమే."

పుణ్యమట. నేను మెమో తీసి ఛోటీ చేతికిచ్చాను. వరసగా అన్నింటికీ మంచి గ్రేడులు. తెలుగు ఎదురుగా చిన్న గీత. ఛోటీ ఆ గీత మీద వేలు పెట్టి నా వంక చూసింది. తరవాత ఆ వేలే ఎత్తి తన మాస్కు మీద, పెదాలు ఉండే చోట, పెట్టుకుంది. మాట. ఏదైనా మాట చెప్పమని. నేను "క్షమించమ్మా" అన్నాను. ఆ పిల్ల నా కళ్ళ వంకే చూస్తోంది. నేను మాస్కు వెనక ఉన్నానని అప్పటికి గుర్తొచ్చి, కిందికి లాగబోతుంటే వెనకనుంచి పెద్దాపా, "సార్, మాస్కు" అంది. చెయ్యి ఆగిపోయింది. ఒక్క క్షణమే ఆగింది. ఆ క్షణంలో ఛోటీ సలాం చేసి, మెమో మడిచి సంచిలో పెట్టుకుని, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఇటు తిరుగు అని చెప్పడానికి బల్ల మీద రెండుసార్లు కొట్టాను. కొట్టాక గుర్తొచ్చింది, ఆ చప్పుడు తనకు వినపడదని.

ఆమెకు తెలుగు వచ్చు. వచ్చినట్టు ఎక్కడా కాగితం లేదు. రాదన్నట్టు మాత్రం ఒకటుంది, నా సంతకంతో.

ఆ తరవాత నేను మీసం పెంచలేదు. పెళ్ళైంది, నా భార్య నన్ను మీసంతో చూడనేలేదు. ఇప్పటికీ అదే బడి. నడుస్తూ చదివితే తప్ప ఒంటబట్టని పిల్లను నడవనిస్తాను, ఒకప్పుడు నేను తిరిగిన బెంచీల మధ్యే. రాయలేని పిల్ల దగ్గర నోటితో చెప్పించుకుంటాను, నోరు తెరవలేని పిల్లతో రాయిస్తాను. ఇది క్లాసా, ఎగ్జిబిషనా అని కొత్తగా వచ్చిన ఆపాలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఇంట్లో కూడా ఎదురుగా నిలబడి, మొహం మీద వెలుతురు పడేలా చూసుకుని మాట్లాడతానని నా భార్యకు విసుగు, నేనేమైనా చెవిటిదాన్నా అంటుంది. ఒక్క సంగతి మాత్రం ఆమె అడగడం మానేసింది. రోజూ ఉదయం గడ్డం గీసుకున్నాక, అద్దం ముందు తలుపు వేసుకుని ఈ మనిషి ఏమంటాడా అని. పెద్దగా ఏం లేదు. చప్పుడు లేకుండా, పెదాలు బాగా కదిలిస్తూ, "క్షమించమ్మా" అని ఒకసారి అని చూసుకుంటాను. కనపడుతుంది. బాగానే కనపడుతుంది.